గోడ ఎడమ

"శ్లాబు పోసినవాడెవడో గానీ, వాడికి ఆ కిటికీ అంటే మహా ప్రేమ. సీలింగు మొత్తం దాని మీదకే ఒరిగిపోయింది" అన్నారు బావగారు.

ఆయన స్టూలెక్కి రసమట్టాన్ని సీలింగుకి ఆనించి పట్టుకున్నారు. గాజు గొట్టంలో బుడగ మధ్యన నిలవకుండా తలుపు వైపుకి పరుగెత్తింది. ఆమె కింద నిలబడి, తల వెనక్కి వాల్చి ఆ బుడగనే చూస్తోంది. సన్నటి, పొడుగాటి స్నానాల గది అది. లోపలికి అడుగుపెడితే ఎదురుగా కిటికీ, కుడిచేతి పక్క కుళాయిల గోడ, ఎడమచేతి పక్క ఉత్త గోడ. రెండు గోడలూ నేల నుంచి లేతనీలం టైళ్లు తొడుక్కుని, సీలింగు కింద జానెడు మేర మాత్రం సిమెంటు బయటపెట్టుకుని ఉన్నాయి. పనంతా అయింది. ఆ జానెడే మిగిలింది.

"ఇంత వంకర సీలింగు కింద తిన్నని టైలు పెడితే ఏమవుతుంది?" అని అడిగారు. ఆయన ఇలా అడిగారంటే జవాబు తెలియక కాదు. తమ్ముడి పెళ్లానికి తెలుసో లేదో చూడ్డానికి.

"సందు కనబడుతుంది బావగారూ. ఒక చివర సన్నగా, ఒక చివర లావుగా."

"కనబడితే?"

"స్నానం చేసినంతసేపూ దాన్నే చూస్తారు."

"మరేం చెయ్యాలి?"

"కింద వరసలన్నీ మట్టంగా ఉండాలి. పైవరస ఒక్కటే సీలింగు చెప్పినట్టు వినాలి. ఏ టైలుకి ఆ టైలు రెండు పక్కలా కొలిచి, ఏటవాలుగా కొయ్యాలి."

బావగారు తలూపుతూ కిందకి దిగారు. "పైవరస కోడలు లాంటిది. కింద అందరితోనూ కలిసుండాలి, పైన అత్తగారి వంకర ఎటుంటే అటు ఒంగాలి."

"ఈ మాట ఇంటికెళ్లి అత్తయ్యతో చెప్తాను."

"చెప్పు. మా అమ్మ నాకు ఇవాళ టీ ఇవ్వదు. అంతేగా?"

ఆయన గొంతు బొంగురుపోయి రెండు రోజులైంది. నవ్వితే రంపం తెగినట్టు వినబడుతోంది. చేతిగడియారం విప్పి చొక్కా జేబులో వేసుకుని, పనిలోకి దిగే ముందు ఎప్పుడూ చేసేలాగే వేళ్లు విరుచుకున్నారు. అప్పుడు అన్నారు, ఎటో చూస్తూ, ఆమె రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మాట.

"కుళాయి గోడ పైవరస నేను పెడతా. ఎదురుగోడది నువ్వు పెట్టు."

ఈ రెండేళ్లలో ఆమె టైళ్లు కోసింది, మోసింది, గమ్ము కలిపింది, టైళ్ల సందుల్లో తెల్లసిమెంటు నింపింది, స్పాంజితో తుడిచింది. తుడిచేటప్పుడు గోడంతా ఆమె చేతికిందే ఉండేది. కానీ ఒక్క టైలు కూడా తన చేత్తో గోడకి అతికించలేదు. తాపీ పట్టిన చెయ్యే మేస్త్రి చెయ్యి. మిగతావన్నీ సాయం చేతులు.

"నిజంగానా బావగారూ?"

"కాకపోతే వేళాకోళమా? చెయ్యి వణక్కుండా చూసుకో. గంటకోసారి ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తకు."

అది ఎత్తిపొడుపే గానీ అబద్ధం కాదు. ఇంట్లో రెండున్నరేళ్ల పాప అత్తయ్య దగ్గర ఉంటుంది. ప్లగ్గులో వేలు పెట్టిందేమో, బకెట్లోకి వంగిందేమో, గింజ ఏదైనా ముక్కులో దోపుకుందేమో అని ఆమెకి క్షణానికో భయం. చీర మీద వేసుకున్న పాత చొక్కా జేబులో ఫోను పెట్టుకుని, చేతికి గమ్ము లేని ప్రతిసారీ ఇంటికి చేస్తుంది. అందుకే ఇంటిల్లిపాదీ ఆమెకి 'కంగారు' అని పేరు పెట్టారు. "కంగారు అన్న జంతువుకైనా పిల్లని పెట్టుకోడానికి పొట్టకో సంచి ఉంటుంది. మా కంగారుకి అదొక్కటే తక్కువ" అంటుంది అత్తయ్య.

ఇంటావిడ టీ గ్లాసులతో వచ్చారు. బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానేసిన ఆవిడ. వీధిలో అందరూ టీచరమ్మ అంటారు. గ్లాసు ఇచ్చేటప్పుడు కూడా హాజరు వేసుకుంటున్నట్టు మనిషి మొహంలోకి చూస్తారు.

"శుక్రవారం మా ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిస్తున్నారు. పాత బాత్రూంలో గట్టు ఎక్కబోయి పడ్డారు కదా, ఇంకోసారి పడితే నేను లేపలేను. శుక్రవారానికి అయిపోతుందిగా?"

"గురువారానికే అవుతుంది టీచరమ్మా. ఉన్న టైళ్లు సరిగ్గా సరిపోతాయి. గోడకి ఐదు చొప్పున పది, పైన రెండు మిగులు" అన్నారు బావగారు.

"చిట్లగొట్టకండి. ఆ నీలం ఆయన వేలు పెట్టి చూపించి కొనిపించుకున్నది. అదే ఆఖరి పెట్టె అన్నాడు కొట్టువాడు."

ఆవిడ వెళ్లాక బావగారు కుళాయి గోడ పక్కన స్టూలేసుకుని ఎక్కారు. కిటికీ దగ్గర మొదలుపెట్టి తలుపు దాకా, టైలు టైలుకీ రెండు చివర్లా, కింది వరస అంచు నుంచి సీలింగు దాకా టేపు పెట్టి కొలిచారు. ఆయన కొలతలు కాగితం మీద రాసుకోరు. బుర్రే కాగితం అంటారు. అన్నీ అయ్యాక మోకాలు నొప్పెట్టి, స్టూలు మీదే వెనక్కి తిరిగి, గోడకి వీపు ఆనించి కూర్చున్నారు. తలుపు బయట వరండాలో కోతమిషన్ ముందు ఆమె కూర్చుని ఉంది. బొంగురు గొంతు వరండాదాకా అందాలని చేతులు నోటి చుట్టూ పెట్టుకున్నారు.

"రాసుకో. ఒకటోది, కిటికీ దగ్గరది. కుడి ఆరున్నర, ఎడమ ఆరూ ముప్పావు!"

పాప కోసం కొని, పాప గీతలు గీసేసిన నోటుబుక్కులో ఆమె రాసుకుంది. ఒకటి: కుడి ఆరున్నర, ఎడమ ఆరూ ముప్పావు. రెండు: కుడి ఆరూ ముప్పావు, ఎడమ ఏడు. రాస్తూ ఉంటే లోపల ఎక్కడో చీమ కుట్టినట్టయింది. ఈ అంకెలు పక్కపక్కన పెడితే ఒకదాని అంచు ఇంకోదాని అంచుకి కలుస్తుందా అని. అడుగుదామా? బావగారిని మళ్లీ చెప్పమంటే ఆ గొంతుతో విసుక్కుంటారు. అంతలో ఫోను మోగింది.

"ఏం లేదు, కంగారు పడకు" అంది అత్తయ్య. అలా మొదలుపెట్టిందంటే ఏదో ఉన్నట్టే. "పాప దగ్గుతోంది. తేనె ఎక్కడ పెట్టావు?"

"పై అరలో, పప్పుల డబ్బా వెనకాల. దగ్గు పొడిగా ఉందా, కఫంతోనా? ఒళ్లు వెచ్చగా ఉందా?"

"దగ్గులా ఉంది. పెట్టెయ్."

మిగతా మూడింటి కొలతలూ రాసుకుని, చెవులకి గుడ్డ కట్టుకుని మిషన్ తిప్పింది. నీళ్లు చిమ్ముతూ, తెల్లటి గుజ్జు కారుస్తూ చక్రం టైలులోకి దిగింది. ఆమె కోత చూడ్డానికి బాగుంటుంది. గీత మీద గీతలాగే నడుస్తుంది, అంచు పెచ్చు లేవదు. ఒక్కో టైలు వెనక సుద్దతో అంకె వేసి, ఐదూ కోసి, కడిగి, గుడ్డతో తుడిచి లోపలికి తీసుకెళ్లింది.

బావగారు ఒకటో టైలు గోడకి పెట్టి చూశారు. తీశారు. రెండోది పెట్టారు. మూడోది ముట్టుకోలేదు.

ఎత్తుండాల్సిన చోట తగ్గి, తగ్గాల్సిన చోట ఎత్తయి, ఐదూ రంపం పళ్లలా ఉన్నాయి. టైలుకి ముఖం ఒకటే, వీపు ఒకటే. తిరగేసి పెట్టడానికి అదేమన్నా దోసెనా?

"ఏం విన్నావు నువ్వు?"

"మీరు చెప్పిందే రాసుకున్నాను బావగారూ."

"నేను చెప్పింది ఇదా? కిటికీ ఏ పక్కనుంది? చూడు! గోడకి ఎదురుగా నిలబడి చూడు! ఎడమ పక్క. అంటే ఎడమ తక్కువుండాలా, కుడి తక్కువుండాలా?"

ఆమె చూసింది. ఎడమే. కళ్ల ముందు కనబడుతోంది. మరి పుస్తకంలో కుడి అని ఎందుకుంది? ఫోను. దగ్గు. తేనె.

అరుపుకి టీచరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ్ని చూసి బావగారి గొంతు ఇంకా పెరిగింది. మేస్త్రి అన్నవాడు ఇంటివాళ్ల ముందు తప్పు ఎవరిదో తేల్చాలి కదా.

"ఎడమకీ కుడికీ తేడా తెలియని చేతికి మిషన్ ఇవ్వడం నాదే బుద్ధితక్కువ. ఐదు టైళ్లు! ఇప్పుడు మిగిలినవి ఏడు. కావాల్సినవి పది."

టీచరమ్మ ఆమె వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు. అదే బాధ. "ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఎనిమిదండీ. సగంలో మానేశాను."

"ఊఁ" అన్నారు టీచరమ్మ. ఆ ఒక్క ఊఁతో లెక్క సరిపోయినట్టే ఉంది ఆవిడకి.

"కొట్టువాడి దగ్గర ఇంకో రంగు ఏదైనా దొరుకుతుందేమో చూస్తాను, పైవరసకి వేరే రంగు పట్టీలా వేద్దాం" అని బావగారు ఆవిడకి సర్దిచెప్పారు. తర్వాత ఆమె మొహం చూడకుండా అన్నారు. "ఈ ముక్కలు గోనెసంచిలో వేసి గేటు దగ్గర పెట్టు. పొద్దున చెత్తబండి తీసుకుపోతుంది. రేపట్నుంచి కోత నేను చూసుకుంటా. నువ్వు జాయింట్లు నింపు, చాలు. పైవరస సంగతి ఇక మర్చిపో."

ఆమె ఐదు టైళ్లనీ సంచిలో వేసింది. మధ్యమధ్య పాత కాగితాలు పెట్టి, ఒకదానికొకటి తగలకుండా సర్దింది. పారేసేవాటికి అంత జాగ్రత్త ఎందుకో ఆమెకే తెలియదు. చేతులకి అలవాటు.

*

ఇంటికి వెళ్లేసరికి పాప దగ్గు మానేసి, తేనె సీసాతో ఆడుకుంటోంది. ఒళ్లు చల్లగా ఉంది. ఆమె నుదురు పట్టి చూసింది, మెడ పట్టి చూసింది, మళ్లీ నుదురు పట్టి చూసింది.

"దాని జ్వరం కాదు, నీ మొహమే వేడిగా ఉంది" అంది అత్తయ్య. "ఏమైంది?"

"ఏం లేదత్తయ్యా. దుమ్ము."

భర్త బస్సు తిప్పి వచ్చి అన్నం తిని పడుకున్నాడు. అతనితోనూ చెప్పలేదు. అన్న మీద తమ్ముడికి చెప్పడమంటే నిప్పు మీద ఉప్పు వేయడమే. నోటుబుక్కు తీసి పాప గీతల పక్కన తన అంకెలు చూసుకుంది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఐదు టైళ్లు, పది కొలతలు. కోసింది మటుకు రాసినట్టే కోసింది. ఫోను మోగినప్పుడు ఒకటి తప్పు విని ఉండొచ్చు. రెండు విని ఉండొచ్చు. ఫోను రాకముందు రాసుకున్నవి కూడా తప్పేనా? పదికి పదీ తప్పు వింటుందా మనిషి?

ఏమో. విన్నా వింటుంది. ఎనిమిదో తరగతి సగంలో మానేసిన మనిషి.

తెల్లారి పాపని పక్కింటి పిల్లలతో ఆడుకోడానికి పంపాలి. ఎర్ర చెప్పులు, పట్టీ ఉన్నవి, తొడగాలి. ఆమె గడప మీద పాపకి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఒక చెప్పు చేతిలో పట్టుకుంది.

"ఏదీ, ఎడమ కాలివ్వు బంగారూ."

అని, తన ఎడమ చేతికి దగ్గరగా ఉన్న కాలు పట్టుకుని చెప్పులోకి తోసింది. కాలు దూరలేదు. బొటనవేలు అంచు మీదకి ఎక్కింది. పాప కాలు లాక్కుంది. మళ్లీ పట్టుకుంది. పాప మళ్లీ లాక్కుని, "ఇది కాదూ!" అని గీపెట్టింది.

"ఇదేనే. ఎడమే కదా! నీకు కూడా నేను తెలియనిదాన్నయిపోయానా?"

కూరలు తరుగుతున్న అత్తయ్య కత్తి పక్కన పెట్టింది. "పొద్దున్నే పిల్లని ఏడిపిస్తావేం? నీ ఎడమ అడుగుతున్నావా, దాని ఎడమ అడుగుతున్నావా?"

"రెండు ఎడమలుంటాయా అత్తయ్యా?"

"ఎదురెదురుగా కూర్చుంటే ఉంటాయి. నీ ఎడమ చేతికి అందేది దాని కుడి కాలు. దాని పక్కకి వచ్చి కూర్చో, నువ్వు చూసేవైపే అది చూసేలా. అప్పుడు నీ ఎడమే దాని ఎడమ." అత్తయ్య మళ్లీ కత్తి అందుకుంది. "మీ బావ దగ్గర ఈ తంటా పదేళ్లు పడ్డాను నేను. చెప్పులు తారుమారుగా వేసుకుని బడికి పోయేవాడు. ఇప్పటికీ చూడు, ఎడమకి తిరగరా అంటే ముందు చేతిగడియారం ఎక్కడుందో చూసుకుంటాడు."

ఆమె చేతిలో ఎర్ర చెప్పు అలాగే ఉండిపోయింది.

నిన్న బావగారి చేతిగడియారం జేబులో ఉంది. ఆయన వీపు గోడకి ఆనించి ఉంది. మొహం వరండా వైపు, తన వైపు ఉంది.

అంటే గోడకి ఎదురుగా నిలబడితే ఎడమ పక్కనున్న కిటికీ, వెనక్కి తిరిగి కూర్చున్న మనిషికి కుడి పక్క. పదికి పదీ ఆయన చెప్పినట్టే విన్నది. పదికి పదీ సరిగ్గానే రాసింది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. పాప ఈలోగా విసిగిపోయి, రెండో కాలు తెచ్చి తనే ఆ చెప్పులో పెట్టేసుకుంది. జర్రున దూరిపోయింది.

"చూశావా, చెప్పుది తప్పు కాదు" అంది అత్తయ్య. "కాలు వేరే."

ఆమె చెప్పు వంక చూసింది, కాలి వంక చూసింది. ఒక్కసారి లేచి నిలబడింది.

"అత్తయ్యా, చెత్తబండి ఎన్నింటికొస్తుంది?"

"మన వీధికా?"

"టీచరమ్మ వీధికి!"

"అయ్యో రామ, వేరే వీధి చెత్త సంగతి నాకేం తెలుసు..."

మిగతా మాట ఆమె వినలేదు. పాప రెండో చెప్పు పట్టీ కూడా పెట్టకుండా, పాపని ముద్దు పెట్టుకోడం కూడా మర్చిపోయి, ఫోనూ నోటుబుక్కూ పాత చొక్కా జేబులో కుక్కుకుని వీధిలోకి పరుగెత్తింది.

*

టీచరమ్మ గేటు ముందు చెత్తబండి ఆగి ఉంది. బండివాడు గోనెసంచిని ఒక చేత్తో ఊపి చూసి, దింపేసి, టీచరమ్మతో వాదిస్తున్నాడు.

"ఇంటి చెత్త వేస్తామమ్మా. రాళ్లూ రప్పలూ మా బండిలో వెయ్యం. ఇరుసు విరిగితే మీరిస్తారా?"

"రాళ్లు కాదయ్యా, టైళ్లు."

"టైళ్లంటే చదువుకున్న రాళ్లే కదమ్మా!"

ఆమె రొప్పుతూ వచ్చి సంచిని రెండు చేతులతో పొట్టకి హత్తుకుంది. "వెయ్యకండి! మావే. కావాలి."

"తీసుకో తల్లీ, నాకు పుణ్యం" అని బండివాడు గంట వాయించుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె సంచి మోసుకుని లోపలికి నడుస్తుంటే టీచరమ్మ వెనకాలే వచ్చారు.

లోపల టైళ్లు ఒక్కొక్కటే తీసి చూసుకుంది. పగుళ్లు లేవు. ఐదు ముఖాలూ నిన్నటిలాగే నీలంగా ఉన్నాయి. కుళాయి గోడ వంక చూడనైనా చూడకుండా, స్టూలు లాక్కెళ్లి ఎదురుగోడ దగ్గర వేసింది. ఈ గోడకి ఎదురుగా నిలబడితే కిటికీ కుడి పక్క. సీలింగు ఒరిగింది కిటికీ వైపే కాబట్టి ఇక్కడ కుడి తక్కువుండాలి. పుస్తకంలో ఏముంది? కుడి ఆరున్నర.

ఒకటో టైలుని కిటికీ మూల పైకెత్తింది. కింది వరస మీద కాస్త ఎక్కించి పట్టుకుని, పై అంచుని సీలింగుకి తాకించింది. తాకింది. ఈ చివర నుంచి ఆ చివరదాకా, వెలుతురు దూరే సందు లేకుండా తాకింది. కింద మాత్రం పెన్సిలు మందాన, అంతటా ఒకే మందాన, కింది టైలు మీదకి వచ్చింది. ఈ పక్క సీలింగు ఆ మాత్రం కిందకి ఉందన్నమాట. తగ్గితే అతకలేం. ఎక్కువుంటే తియ్యొచ్చు. అంతకంటే ఏం కావాలి? రెండోది చూసింది. మూడోది, సీలింగు బొజ్జ ఉన్నచోట, ఒక మూల కొంచెం ఎక్కువ తియ్యాలి. నాలుగు. ఐదు.

ఐదోది చేతిలో ఉండగా బావగారు వచ్చారు. ఆయన చంకలో తెల్లటి టైలు నమూనా ఒకటి ఉంది, కొట్టు నుంచి తెచ్చింది. ఆ తెలుపు ఈ నీలం పక్కన ఎలా ఉంటుందో ఆయన మొహమే చెబుతోంది.

"వాటితో ఏం చేస్తున్నావు?"

"బావగారూ, ఇవి ఈ గోడవి."

ఆయన నమూనా కింద పెట్టి దగ్గరికొచ్చారు. ఆమె స్టూలు దిగింది. ఆయన ఎక్కి, టైలు అందుకుని, తనే సీలింగుకి ఆనించి చూశారు. బొటనవేలి గోరు అంచు పొడుగునా నడిపించారు. గోరు ఎక్కడా ఆగలేదు. ఇంకోటి అడిగారు. ఇచ్చింది. అది కూడా చూశారు.

"ఎలా తట్టింది?"

"పాపకి చెప్పులు తొడుగుతుంటే." ఆగి, మెల్లగా అంది. "ఎదురుగా కూర్చుంటే ఎడమ కుడి అయిపోతుందట. అత్తయ్య చెప్పింది."

బావగారి కళ్లు ఒక్కసారి కిందకి, తన ఎడమ మణికట్టు మీదకి దిగాయి. గడియారం ఇవాళ ఇంకా విప్పలేదు. దాన్ని చూసి, తిరిగి కుళాయి గోడ వైపు చూసి, నిన్న తను కూర్చున్న చోటు చూశారు. నోరు తెరిచారు. దగ్గొచ్చింది. దగ్గి ఊరుకున్నారు.

సరిగ్గా అప్పుడే టీచరమ్మ లోపలికొచ్చారు. చేతిలో నోటుబుక్కు. స్టూలు లాగే తొందరలో ఆమె గుమ్మంలో పడేసుకుంది.

"ఇందులో అన్నీ వరసగా రాసుంది. ఒకటి కుడి ఆరున్నర, రెండు కుడి ఆరూ ముప్పావు..." టీచరమ్మ కళ్లజోడు సవరించుకున్నారు. నోటుబుక్కులు దిద్దిన కళ్లవి. "అమ్మాయి రాసుకున్నట్టే కోసింది. ఒక్క అంకె కూడా తేడా లేదు. మరి ఈ కొలతలు చెప్పింది..."

బావగారు స్టూలు మీద కదలకుండా నిలబడిపోయారు. టైలు పట్టుకున్న చేతి నరాలు ఉబ్బాయి.

ఆమెకి ఆ క్షణం చాలా పెద్దదిగా అనిపించింది. ఒక్క మాట చాలు. నిన్న గుమ్మంలో నిలబడి అడిగిన ఎనిమిదో తరగతికి, ఆ ఊఁకి, జవాబు ఆవిడ చేతిలోనే ఉంది.

ముందుకెళ్లి నోటుబుక్కు అందుకుంది. "నా ఎడమ ఒకటి, ఆయన ఎడమ ఒకటి అయ్యాయండీ. మాటలో తారుమారు. ఇప్పుడు సరిపోయాయి చూడండి. కొత్తవి ఏడున్నాయి, కుళాయి గోడకి ఐదు చాలు. రెండు మిగులు, మొదట్లో చెప్పినట్టే. మీ ఆయన నీలమే ఉంటుంది."

టీచరమ్మ ఆమెనీ, స్టూలు మీద మనిషినీ చూశారు. ముప్పై ఏళ్లు పిల్లల గొడవలు తీర్చిన మనిషికి ఇంకా చెప్పాలా?

"దస్తూరి గుండ్రంగా ఉంది" అన్నారు. "నువ్వు చేరని ఆ తొమ్మిదో తరగతి మేష్టారెవరో అదృష్టం లేనివాడు." టీ పెట్టడానికి వెళ్లిపోయారు.

*

పొద్దుటిపూట కుళాయి గోడ. బావగారు స్టూలెక్కి మళ్లీ మొదటి నుంచి కొలిచారు. ఆమె వరండాలో మిషన్ ముందు కూర్చుంది. కోత తనే చూసుకుంటానన్న మనిషి దాని సంగతే ఎత్తలేదు. పెన్సిలు పట్టుకుని ఎదురుచూసింది.

తర్వాత ఆ బొంగురు గొంతు వచ్చింది.

"ఒకటోది. కిటికీ పక్క ఆరున్నర. తలుపు పక్క ఆరూ ముప్పావు."

ఆమె పెన్సిలు కాగితం మీద ఆగింది. తల ఎత్తలేదు. కిటికీ, తలుపు. మనిషి ఎటు తిరిగితే ఏం, అవి కదలవు.

"విన్నావా?"

"విన్నాను బావగారూ. రెండోది చెప్పండి."

"కిటికీ పక్క ఆరూ ముప్పావు. తలుపు పక్క ఏడు."

అన్నం వేళకి కుళాయి గోడ పైవరస కూర్చుంది. సీలింగుకీ టైలుకీ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు, ఈ మూల నుంచి ఆ మూలదాకా ఒక్కలా. ఆఖర్న తెల్లటి జిగురు నింపితే అది కూడా కనబడదు. సీలింగు ఎంత వంకరో తెలియాలంటే ఇప్పుడు రసమట్టం పెట్టి చూడాలి, కంటికి అందదు.

చేతులు కడుక్కున్నాక బావగారు తాపీని గుడ్డతో తుడిచారు. పిడి ఆమె వైపు తిప్పి పట్టుకున్నారు.

"ఊఁ."

ఆ ఊఁ వేరు. ఆమె చేతులు చీరకి తుడుచుకుని అందుకుంది. ఎప్పుడూ కడిగే తాపీయే. పిడి మీద ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఉంది. తన వేలు అందులో సగమే నిండింది.

"మరి కోత ఎవరు బావగారూ?"

"ఎవరేంటి, నేను. నీ ఫోను ఇలా పడెయ్, గమ్ములో ముంచుతావు." ఫోను తీసుకుని, వరండాలో బోర్లించిన బకెట్టు మీద పెట్టి, మిషన్ ముందు కూర్చున్నారు. పెద్ద మనిషి, ఆ చిన్న పీట మీద మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి.

ఆమె స్టూలెక్కింది. ఒకటో టైలు కింద మందమెంత వచ్చిందో చూసి, వెనక్కి తిరిగి, వరండా వైపు మొహం పెట్టి చెప్పింది.

"ఒకటోది పావంగుళం తియ్యాలి. పైనుంచే, ఆ వాలునే. మూడోదానికి మటుకు కుడి పక్క..."

మిషన్ ఆగింది.

"ఉండు" అన్నారు బావగారు. చాలా గంభీరంగా. "నీ కుడి పక్కా, గోడ కుడి పక్కా?"

ఆమెకి నవ్వాగలేదు. స్టూలు కదిలేంత నవ్వొచ్చింది. "గోడది కాదు బావగారూ, కిటికీ పక్క! కిటికీ పక్క టేపు మీద ఇంకో రెండు గీతలు!"

"అలా చెప్పు. మేస్త్రి అన్నాక మాట సరిగ్గా ఉండాలి" అని గొణుక్కుంటూ ఆయన మిషన్ తిప్పారు.

గోడ మీద గమ్ము పరిచి, పళ్ల తాపీతో చాళ్లు తీసింది. చాళ్లు వంకర పోలేదు. ఒకటో టైలు తడి తుడిచి, కింద రెండు ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి, మెల్లగా అదిమింది. జరిపింది. రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు, గట్టిగా కాదు, నిద్రపోతున్న పిల్ల వీపు తట్టినట్టు. టైలు చాళ్లలోకి కూర్చుంటున్నప్పుడు అరచేతికి తెలిసింది. రెండేళ్లుగా గోడలు తుడుస్తున్నా ఈ సంగతి ఆ చేతికి తెలియదు. టైలు పట్టుకుంటుంది. పట్టుకున్నట్టు చెబుతుంది.

రెండు. మూడు. నాలుగోది పెడుతుండగా వరండాలో ఫోను మోగింది.

ఇంటి నుంచే. ఆ పాట ఇంటికి మాత్రమే పెట్టుకుంది. ఒళ్లంతా అటు లాగింది. దగ్గు తిరగబెట్టిందేమో. గడప మీద నుంచి పడిందేమో. పట్టీ పెట్టని చెప్పుతో పంపేశాను కదా. కానీ టైలు ఇంకా పట్టుకోలేదు. ఇప్పుడు చెయ్యి తీస్తే వెంట్రుకవాసి కిందకి జారుతుంది, జారితే ఐదోది కలవదు. రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు.

ఫోను ఆగింది. బావగారు తీశారు.

"ఆఁ, అమ్మా. ఏంటి? పాపకేమైంది?... తేనె సీసానా? ఖాళీ చేసిందా? చెయ్యనీ. బాగానే ఉందిగా?... నవ్వుతోందిగా? సరే." కొంచెం ఆగారు. బొంగురు గొంతు ఇంకొంచెం పైకి లేపారు, గదిలోకి వినబడేలా. "ఇప్పుడు కుదరదు. మేస్త్రి స్టూలు మీదుంది. దిగాక చేయిస్తాను."

అవతల నుంచి అత్తయ్య గొంతు వరండా దాటి వినబడింది. "మేస్త్రివి నువ్వే కదరా?"

ఆయన ఫోను పెట్టేసి ఐదో టైలు అందుకున్నారు.

పదకొండు, పన్నెండు. ఆమె చేతులు తీసింది. టైలు కదల్లేదు.